జైలు పక్క ట్రైలర్లు

"మిస్ వెర్లీన్, ఈ వయసులో జైలు పక్కన ట్రైలర్ ఇంట్లోకి మారారేం?" అన్నాడు కౌంటీ కమిషనర్ స్ట్రౌడ్ నవ్వుతూ.

"చర్చి ఆడవాళ్ళం పదిహేనుమందిమీ వచ్చేశాం నాయనా. ఇక్కడ గాలి బాగుంది," అన్నాను.

ఖైదీలు జనాభా లెక్కలోకి వస్తారు, ఓటు మాత్రం వేయలేరు. అందుకే వార్డుల హద్దులు మళ్ళీ గీసినప్పుడు స్ట్రౌడ్ తనకు ఓటెయ్యని మా వీధుల్ని తప్పించి, వార్డుకు కావలసిన జనాభా కోసం జైలును కలుపుకున్నాడు. ఇక మిగిలిన ఓటర్లు పన్నెండుమంది, అందరూ అతని చుట్టాలే. అంత తక్కువమందిని మించడం ఎంత తేలికో అతనికి తట్టలేదు.

నవంబరు ఎన్నికల్లో ఓడిపోయి మా గుమ్మంలోకొచ్చాడు.

"నామీద ఇంత పగేంటమ్మా?"

"నీ దొంగసాక్ష్యంతో లోపలికెళ్ళిన నా మనవడు కూడా నీ జనాభాలోనే ఉన్నాడు. వాడికి ఓటు లేదు. నాకుంది."