గాజులు లేని పెట్టె

శనివారం పొద్దున్నే మాట్లాడే పెట్టె వచ్చింది. నలభై అయిదు దాటిన ఆడవాళ్లున్న ప్రతి ఇంటికీ వస్తుంది. ఓ చీర, దానికి నప్పే గాజులు, బొట్టుబిళ్లలు, సెలవు రెండు రోజులూ చదువుకోవడానికి ఓ పుస్తకం. ఎవరికేం కావాలో అదే ముందుగా కనిపెట్టేస్తుంది కనక, తమకేం నచ్చుతుందో ఆలోచించుకోవడం అందరూ ఎప్పుడో మానేశారు. కిందటి వారం వచ్చిన నెమలికంఠం రంగు చీర కట్టుకుంటే, హైమవతి పదేళ్లు చిన్నదానిలా ఉందని అపార్ట్‌మెంటంతా మెచ్చుకుంది.

ఆమె పెనం కింద మంట తగ్గించి పెట్టె తెరిచింది. బూడిదరంగు చీర. ‘ఒక్కరికే వంట’ అని ఓ పుస్తకం. అడుగుదాకా తడిమినా గాజులు తగల్లేదు.

“ఏమే, గాజులు, బొట్టుబిళ్లలు మర్చిపోయావా?” అని పెట్టెనే అడిగింది.

“లేదండీ,” అంది పెట్టె, ఎప్పటి తీపి గొంతుతోనే. “మీ ఊళ్లో మీ వయసువాళ్లు ఆ తర్వాత ఏవి కొంటారో చూసి, అవే పంపాను.”

“ఏ తర్వాత?”

“అది చెప్పడం నా పని కాదండీ. నచ్చకపోతే తిప్పి పంపండి.”

హైమవతికి ఒళ్లు మండిపోయింది. భర్త పురుషోత్తం వైపు తిరిగింది. “విన్నారా, దీని నోట్లో మన్నుపడ! మా అమ్మే వదిలేసిన చాదస్తాలు దీనికెవరు నేర్పారు? మొన్న డాక్టరు మీకేం లేదన్నాడని చెప్పారుగా, కాస్త చెప్పండి దీనికి.”

పురుషోత్తం తుంచిన దోసె ముక్కని మళ్లీ ప్లేట్లోనే పెట్టేశాడు.

“డాక్టరు అసలేమన్నాడో శనివారంలోగా నేనే చెప్పేద్దామనుకున్నాను, హైమా.”