ఆకుపచ్చ పొట్లం

మూత తెరవగానే లాప్‌టాప్ ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది.

"పదకొండోసారి!" అన్నాడు మేనేజర్ హుంగ్. "మధ్యాహ్నంలోపు నిద్ర లేవకపోతే ఈ మోడల్‌ని మన దగ్గర్నుంచి లాగేసుకుంటారు."

చింగ్‌యా తల దించుకుంది. నిద్ర లేపే ప్రోగ్రామ్ ఆమెదే. పాత ప్రోగ్రామ్‌లో కాసేపు ఆగమని రాసిపెట్టిన ఆలస్యాలన్నీ పీకేశానని వారమంతా గొప్పలు చెప్పుకుంది.

"దీని మీద పొట్లమేది?"

"తేదీ దాటిపోయింది సార్. దుకాణానికి ఫోన్ చేశాను."

యంత్రం మొరాయించకుండా దాని మీద ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెట్టడం తైపేలో ఆచారం. తేదీ దాటిన పొట్లం పెడితే ఏ యంత్రమూ మాట వినదు.

కాసేపటికి తెల్లజుట్టు పెద్దావిడ ఒకామె ల్యాబ్‌లోకొచ్చింది. చేతిలో ఆకుపచ్చ పొట్లం.

"హమ్మయ్య! అక్కడ పెట్టేసి వెళ్లండి పిన్నీ," అంది చింగ్‌యా.

ఆవిడ పొట్లం పెట్టింది. వెళ్లలేదు. మూత మూసి, తెరిచింది. వెలిగింది, ఆరింది.

"లేవగానే ఇది బ్యాటరీని ఎంతున్నావని అడుగుతుంది కదమ్మా. బ్యాటరీ నోరు తెరిచేలోపే ఖాళీ అనుకుని పడుకుంటోంది."

హుంగ్ పకపకా నవ్వాడు. "చిప్స్ అమ్మేవాళ్లూ మాకు పాఠాలు చెప్పేవాళ్లే! తలుపు అటుంది పిన్నీ."

ఆవిడ కోపగించుకోలేదు. మూతను అరచేత్తో నిమిరింది.

"తొందరపెట్టకు, అదే లేస్తుంది," అని వెళ్లిపోయింది.

చింగ్‌యా ఉలిక్కిపడింది. ఆ మాటే ఎక్కడో చదివింది.

తను పీకేసిన ఒక ఆలస్యం పక్కన ఎవరో రాసిపెట్టిన మాట అది! పేరు లేదు. చాదస్తమని నవ్వుకుని చెరిపేసింది.

ఆ ఆలస్యాన్ని మళ్లీ చేర్చింది.

మూత తెరిచింది. లాప్‌టాప్ లేచింది. ఇరవైసార్లు తెరిస్తే ఇరవైసార్లూ లేచింది.

ల్యాబంతా చప్పట్లు.

"పొట్లం మహిమ!" అన్నాడు హుంగ్.

అంతలో దుకాణం అతను రొప్పుతూ వచ్చాడు. "ఆలస్యమైంది, ఏమనుకోకండి. ఇదిగో మీ పొట్లం."

చింగ్‌యా మెట్లు దిగి గేటు దాకా పరుగెత్తింది.

"ఆ పెద్దావిడా? ఇప్పుడే బస్సెక్కేసిందమ్మా," అన్నాడు కాపలాదారు. "మెట్ల మీద నిలబడి మీ చప్పట్లు విని మరీ కదిలింది. ముఖం ఎంత వెలిగిపోయిందో!"

చింగ్‌యా సందర్శకుల పుస్తకం లాక్కుని చూసింది.

'ఎవరిని చూడడానికి' అన్నచోట గుండ్రటి అక్షరాలు: "ఇరవై రెండేళ్ల కిందట ఇక్కడ నేను రాసి వదిలి వెళ్లిన ప్రోగ్రామ్‌ని, ఇంకా లేస్తోందో లేదో అని."