నలభై రెండో పెట్టె

ప్రింటు తీసిన కాగితాలతో డాక్టర్ హర్షవర్ధన్ డ్యూటీ రూములోకి రాగానే ఎలిజబెత్ సిస్టరు కేసుషీటు రాయడం ఆపేసింది. నాలుగేళ్లుగా ఏ రోజు వస్తుందని భయపడుతోందో ఆ రోజు రానే వచ్చింది.

"అందరూ కూర్చోండి. మన తలదెబ్బల మందు సంగతి తేలిపోయింది," అన్నారాయన.

ఆ మందు గురించి ఏలూరులోని ఆ ఆసుపత్రి గోడలకు కూడా తెలుసు. తలకు దెబ్బ తగిలి వచ్చినవాళ్లకు ముప్పై ఏళ్లుగా వాడుతున్నదే. నిజంగా పనిచేస్తుందా అని ఎవరూ అడగలేదు. చివరికి పరీక్షించి చూద్దామన్న ఏడాది నంబర్లు వేసిన పెట్టెలు వచ్చాయి. సగం పెట్టెల్లో మందు, సగంలో ఉత్తి పొడి. ఎందులో ఏముందో డాక్టరుకూ తెలియదు, రోగికీ తెలియదు. వరస తప్పకుండా ఎక్కించాలి, అంతే.

కలిపే చేతికి తెలియకుండా ఉంటుందా? ఆరు నెలలకే ఎలిజబెత్ కనిపెట్టేసింది. అసలు మందు నీళ్లు పడగానే నురగ కట్టేది. ఉత్తిది చటుక్కున కరిగిపోయేది. అయినా నోరు మెదపలేదు. నిప్పులాంటి మనిషి, ఆ ఒక్కరోజు వరకూ.

ఆ రోజు గణపవరం రోడ్డులో మోటారుసైకిలు మీంచి పడ్డ ఆమె తమ్ముడు విజయ్ కుమార్‌ను మోసుకొచ్చారు. ఆ వెనకాలే చేపల లారీ మీంచి జారిపడ్డ కొల్లేటి మనిషి బంగార్రాజును తెచ్చారు. తమ్ముడి వంతుకు నలభై ఒకటో పెట్టె వచ్చింది. కలిపింది. నురగ రాలేదు. బంగార్రాజుది నలభై రెండు. కలిపింది. బుసబుసా నురగ పొంగింది.

తోడబుట్టినవాడు. తల్లి పోయాక తన చేతుల్లో పెరిగినవాడు. ఎవరూ చూడకుండా రెండు సీసాలూ మార్చేసింది.

పరాయివాడి నోటి దగ్గర మందు లాక్కున్నానన్న పాపం అప్పట్నుంచీ ఆమెను తొలిచేస్తోంది. చర్చిలో మోకాళ్లూనినా ప్రార్థన సాగదు. బంగార్రాజు భార్య చంద్రకళ బజారులో ఎదురై, కన్నతల్లిలా చూసుకున్నారండీ అని దణ్ణం పెడితే అక్కడ నిలబడలేదు. ఆ మందు గొప్పదని తేలిందంటే తాను చేసింది దొంగతనం కాదు, అంతకన్నా ఘోరం.

"ఏం రాశారండీ? పనిచేస్తుందన్నారా?" అడిగింది ఎలిజబెత్.

డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఏ మందుల కంపెనీ డబ్బూ ముట్టని నిపుణులట. దేశదేశాల్లో జరిగిన పరీక్షలన్నిటినీ, ఇక్కడి పెట్టెలతో సహా, ఒక్కచోట చేర్చి జల్లెడ పట్టారట.

"పనిచేయడం మాట దేవుడెరుగు సిస్టరుగారూ. మందు పడినవాళ్లలోనే ఎక్కువమంది పోయారు. ఉత్తి పొడి పడినవాళ్లే నయం. ఈ పూట నుంచి తలదెబ్బ కేసులకు ఆ మందు ఎక్కించడానికి వీల్లేదు."

అయితే బంగార్రాజుకు తాను ద్రోహం చేయలేదన్నమాట. నాలుగేళ్ల బరువు దిగిపోవాల్సిందే. కానీ ఎలిజబెత్ గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది. కళ్లు తిరిగాయేమోనని ఎవరో మంచినీళ్లు తెచ్చారు.

ఆ సాయంత్రం సమాధుల పండుగకు, తనను బతికించిన సిస్టరుగారి తమ్ముడి సమాధికి నాలుగేళ్లుగా ఏటా తానే సున్నం వేసే బంగార్రాజు, బకెట్టు పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.