టెస్టు చుక్క

“టెస్టూ గిస్టూ ఏమొద్దు సిస్టర్, వేసేయండి,” అన్నాడు డాక్టర్ నాగేంద్ర, స్కూటర్ తాళం వేలికి తిప్పుకుంటూ.

అంబిక పెన్సిలిన్ సీసాను ట్రేలోనే ఉంచింది. మహదేవపురలో ఫ్యాక్టరీ పనివాళ్ళకు వైద్యం చేసే ఆ చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆమె చేరి మూడు నెలలే. ఉద్యోగం ఇంకా పచ్చికుండే.

“చర్మం కింద ఒక్క చుక్క వేసి, అరగంట చూసి వేస్తాను సార్.”

“ఫైలు చూడండి. పోయినేడు, తొంభై ఆరులో, ఇదే మనిషికి ఇవే ఇంజెక్షన్లు పది వేశాం. గుండ్రాయిలా లేచి వెళ్ళాడు.”

“అవు సార్, ఏమీ కాలేదు,” వంత పాడాడు మంచం మీది మనిషి. మేకు దిగిన పాదం గుమ్మడికాయలా ఉబ్బి ఉంది.

అంబిక అతని ఫ్యాక్టరీ కార్డు అందుకుంది. అది ఉన్నవాళ్ళకే అక్కడ ఉచిత వైద్యం. నూనె మరకలకు ఫోటో అలుక్కుపోయి ఉంది.

“పేరేమప్పా?”

అతను గోడవార నిలబడ్డ సొన్నమ్మ వైపు చూశాడు. కార్డులో భార్యగా రాసి ఉన్న పేరు ఆమెదే.

“ముని... మునినారాయణప్ప.”

“సొంత పేరు చెప్పడానికీ పెండ్లాం పర్మిషన్ కావాల్నా?”

“జొరం సిస్టరమ్మా. తల తిరగతా ఉండాది.”

సొన్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఇంకో అడుగు వెనక్కి జరిగింది.

“ఇక్కడ డాక్టర్ నేనా, మీరా?” నాగేంద్ర గొంతు పెంచాడు.

“మీరే సార్. గుచ్చే చెయ్యి మాత్రం నాది. రేపు ఏమన్నా అయితే, డాక్టరు చెప్పినాడంటే కోర్టు వింటుందా? నీ చదువేమైందమ్మా అంటుంది. ‘టెస్టు వద్దు’ అని కేస్ షీట్‌లో రాసి, సంతకం పెట్టి, మీరే వేయండి. నేను దూది అందిస్తా.”

డాక్టర్ విసురుగా పెన్ను తీశాడు. కేస్ షీట్ వైపు చూశాడు. మెల్లగా మూత పెట్టి, పెన్ను మళ్ళీ జేబులో దోపుకున్నాడు.

“సరే, కానివ్వండి మీ టెస్టు. ఏమీ రాలేదనుకోండి, రేపటినుంచి మీరూ రానక్కర్లేదు.”

అంబిక రోగి ముంజేతికి చుక్కంత మందు ఎక్కించి, చుట్టూ పెన్నుతో గీత గీసింది. డాక్టర్ కుర్చీ లాక్కుని గోడ గడియారం కేసి చూస్తూ కూర్చున్నాడు.

పది నిమిషాలకు మంచం మీది మనిషి గోక్కోబోయాడు. పదిహేను నిమిషాలకు గీత దాటి, రేగుపండంత బొబ్బ ఎర్రగా పొంగింది.

డాక్టర్ చేతిలో తాళం ఆగిపోయింది.

“ఆ సీసా తీసేయండి సిస్టర్. వేరే మందు రాస్తాను.”

“చుక్కకే ఇట్లుంటే, మొత్తం వేసుంటే సార్?”

“మనిషి దక్కేవాడు కాదు.” ఫైలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. “పోయినేడు పది పడ్డాయే! అప్పుడు రానిది ఇప్పుడెట్లా వచ్చింది?”

సొన్నమ్మ నడుం విరిగినట్టు నేలమీద కూలబడి నెత్తి కొట్టుకుంది.

“ఆ పది సూదులూ ఏసుకునింది నా మొగుడు సామీ! ఈడు నా మరిది!”