నడుం కింద చెయ్యి

శ్రీవిద్య గదిలోకి అడుగుపెట్టేసరికి ఆ పెద్దావిడ నేలమీద చాప చుడుతోంది.

నేతచీర, వాడిపోయిన మొహం, మూలన గుడ్డసంచీ. సాయానికి పెట్టుకున్న మనిషి కాబోలు అనుకుంది శ్రీవిద్య.

కొత్తపేటలో సత్యం గారి ఫిజియోథెరపీ సెంటరు అది. పైకప్పు కొక్కేనికి రెండు నల్లటి పట్టీలు వేలాడుతున్నాయి.

పాదాలు వాటిలో దూర్చి, చేతులు చాపమీద ఆన్చి, ఒళ్లు బల్లలా నిలపాలి. పట్టీలు ఊగినా మనిషి ఊగకూడదు.

"పొట్టా నడుమూ కలిసి పట్టు పట్టాలండీ. ఆ పట్టు వచ్చిననాడు పాపని ఎత్తుకోండి. అందాకా వద్దు," అని చెప్పి సత్యం గారు పక్కగదిలో రోగి దగ్గరికి వెళ్లిపోయేరు.

స్కూటీ మీంచి పడి నడుం దెబ్బతిన్న దగ్గర్నుంచి శ్రీవిద్య కూతుర్ని ఎత్తుకోలేదు.

అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్ల. ఏడుపొస్తే నాయనమ్మ దగ్గరికే పరిగెత్తేది. అమ్మ దగ్గరికి వెళ్లవే అంటే గోడని చూసినట్టు చూసేది.

"మీ అమ్మ అద్దాల బీరువాలో బొమ్మే. చూడాలి గానీ ముట్టుకోకూడదు," అని అత్తగారు అచ్చాయమ్మ నవ్వుతూనే అనేది.

ఆ నవ్వు ముందు నడుం నొప్పి ఏపాటిది.

పాదాలు పెట్టగానే పట్టీలు అటూ ఇటూ కొట్టుకున్నాయి. నడుం కుంగిపోయింది.

"ఇదిగో, ఇలా వచ్చి కాస్త పట్టుకో," అంది శ్రీవిద్య మూలకి చూసి.

"ఆయ్," అంది పెద్దావిడ.

గోడ పట్టుకుని మెల్లగా లేచింది. ఊగుతున్న పట్టీల్ని ఒక చేత్తో ఆపి, రెండో అరచెయ్యి శ్రీవిద్య నడుం కింద ఆన్చింది.

ఆనాటి నుంచి రోజూ అంతే.

సత్యం గారు తిరిగి వచ్చే వేళకి ఆవిడ మళ్లీ మూలకి చేరుకుని, కళ్లు మూసుకుని కూర్చునేది. పిలిస్తే తప్ప కదలదు, కూర్చోడానికే జీతం కాబోలు అనుకునేది శ్రీవిద్య.

ఒకరోజు ఇంక తనవల్ల కాదని చాపమీద బోర్లాపడి ఏడ్చేసింది. పాప తనని మర్చిపోయిందనీ, ఈ నడుంతో బతికినా ఒకటే పోయినా ఒకటేననీ అంది.

పెద్దావిడ చెంగుతో ఆమె మొహం తుడిచింది. ఊరుకోమని అనలేదు.

"ఇంకొక్క ఊపిరి సేపు నిలవమ్మా," అంది. "పాప బరువు ఇంతకంటే ఉండదు."

అలా ఒక్కో ఊపిరీ పెరిగింది. నడుం జారిన ప్రతిసారీ కింద ఆ చెయ్యి ఉండేది.

ఓ పూట శ్రీవిద్య చేతులు ఒక్కసారిగా పట్టు తప్పాయి. బరువంతా పెద్దావిడ మీద పడింది. ఇద్దరూ నేలకూలేరు.

"పట్టుకోవడం కూడా చేతకాదా? చేతకాని పనిలోకి ఎందుకు వచ్చావసలు?"

పెద్దావిడ కింద కూర్చునే ఉంది. పెదవి పంటికింద నొక్కిపట్టింది.

"ఆయ్, నాదే తప్పమ్మా. మీకేం తగల్లేదు కదా?"

శ్రీవిద్య బ్యాగు తీసుకుని విసురుగా వెళ్లిపోయింది. ఆవిడ లేచిందో లేదో వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు మూల ఖాళీగా ఉంది. ఆ తరవాతా అంతే.

మాట పడిందని పని మానేసి ఉంటుంది అనుకుంది. కింద చెయ్యి లేకపోయినా, కొన్ని వారాలకి పట్టీల్లో ఊగకుండా నిలవడం వచ్చేసింది.

ఒక ఉదయం పాప ఏడుస్తూ వాకిట్లోకి వచ్చింది. శ్రీవిద్య మోకాళ్లు వంచి, పొట్ట బిగించి, పిల్లని పైకెత్తింది.

పాప ఆమె మెడచుట్టూ చేతులు వేసింది.

ఆ పిల్లని చంకనేసుకునే సెంటరుకి వచ్చింది. ఆ పెద్దావిడకి చూపించాలని, తను అన్న మాట మనసులో పెట్టుకోవద్దని చెప్పాలని.

"మీ దగ్గర సాయం చేసే ఆవిడ ఇల్లెక్కడండీ?" అని అడిగింది. "నేతచీర కట్టుకుని, ఆ మూల కూర్చునేది."

సత్యం గారు అయోమయంగా చూసేరు. సాయానికి తన దగ్గర ఎప్పుడూ ఎవరూ లేరన్నారు.

ఆ మూలకేసి చూసి, "చిన్నమ్మలు గారి గురించా?" అన్నారు. "క్రితం నెల ఇక్కడే కాలు జారి పడ్డానన్నారు. ఇంక మంచం దిగరండీ."

పాప నిద్రలోకి జారుతోంది. శ్రీవిద్య గోడకి ఆనుకుంది.

"మీ ముందు టైము ఆవిడదేనండీ, ఆత్రేయపురంలో పూతరేకుల కుండ ముందు వంగి వంగి అరిగిపోయిన వెన్ను, చెంబెడు నీళ్లు కూడా ఎత్తొద్దని చెప్పి, బస్సు వేళదాకా ఆ మూల కూర్చోబెట్టేవాణ్ణి."