మొన దగ్గర గొంతు

బ్యారేజీ గేట్లెత్తి వరద వదిలిన ప్రతి ఏడూ, కృష్ణ సముద్రంలో కలిసేచోట నీటికింది ఇసుకమొన చోటు మార్చుకుంటుంది. ఎన్నో పడవలు దానిమీదికెక్కి విరిగిపోయాయి. అందుకే పొద్దుగూకాక మొన దాటే పడవకు ఇద్దరు కావాలి. ముందు నిలబడ్డవాడు గెడ దించి లోతు ఎన్ని మనిషి నిలువులో అరిచి చెబుతాడు. వెనక ఇంజిను పట్టినవాడు ఆ గొంతునే నమ్మి నడుపుతాడు.

ఎండుచేపల బస్తాలతో తిరిగివస్తున్న పడవలో ఆవేళ గెడ దాదాపీర్‌ది, ఇంజిను అతని బామ్మర్ది తారిక్‌ది.

"రెండు నిలువులు!" అని అరిచాడు దాదాపీర్.

"గట్టిగా చెప్పు బావా! అక్క ముందు నసిగినట్టు ఇక్కడా నసుగుతావేం?"

దాదాపీర్ నవ్వుకుంటూ మళ్లీ గెడ ఎత్తాడు. అది నీటిని తాకకముందే ఎదుటి చీకట్లోంచి ఎవరో పలికారు.

"నిలువున్నర!"

గెడ దించి చూశాడు. నిలువున్నరే. ఆ గొంతు అచ్చం తనదే.

మళ్లీ గెడ వేశాడు. ఈసారి నడుము లోతే తగిలింది. ముందర అలలు విరుగుతున్న తెల్లని చార కనిపించింది.

"మొన! ఎడమకి తిప్పు తారిక్!"

"లోతుంది, నేరుగా పోనీ," అంది చీకట్లోని గొంతు, తీరిగ్గా.

"రెండు మాటలు చెప్తావేంటి బావా? ఏది నిజం?"

"ఎడమకి! అల్లా మీద ఒట్టు, ఎడమకి!"

"తమాషాకన్నాన్రా. నేరుగా పోనీ, ఆకలేస్తోంది," అంది చీకట్లోని గొంతు.

వెనక తారిక్ హాయిగా నవ్వాడు.

"నాకూ ఆకలేస్తోంది బావా," అంటూ ఇంజిను వేగం పెంచాడు.