కాళ్లకు వినబడే గిటారు

"మళ్ల పడ్డది! చూసినవా, మళ్ల పడ్డది!" వంటింట్లోంచి భూమవ్వ కేక వేసింది.

కొండల్ తీగల మీద అరచెయ్యి పెట్టి ఆపాడు. అలమారు మీంచి జారిన ఇత్తడి చెంబు గచ్చు మీద ఇంకా దొర్లుతోంది.

"చెంబు పడితే గిటారేం జేస్తదవ్వా?"

"మరి గోడ పలిగింది, గదెవలు జేసిన్రు? నువ్వు గా దయ్యపుదాన్ని తెచ్చి నెల గాలే, గిట్లయింది. గా పగులు కిందనే పసిపిల్ల ఉయ్యాల ఉన్నది. నీకు కండ్లు లేవా?"

కళ్లున్నాయి. కాకపోతే అవి గిటారు మీదున్నాయి. పాపం, వాడినీ అనలేం. పగలంతా లేత్ మిషన్ మీద ఇనుము చెక్కి, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఎనిమిదేళ్లు ఎవరిదో గిటారు అడుక్కొచ్చి వాయించినవాడు. కరీంనగర్‌లో ఒక పాత వాద్యగాడు చనిపోయాడని, ఆయన భార్య బేస్ గిటారు అమ్ముతోందని తెలిస్తే మొదటి బస్సుకే పరుగెత్తాడు. పాతికేళ్ల కిందటి సరుకు. నాలుగే తీగలు, అవీ బండ తీగలు. బొటనవేలు ఆనేచోట ఎర్రరంగు అరిగి లోపలి చెక్క కనబడుతోంది. దానికి తోడు ఇద్దరు మోసేంత స్పీకరు పెట్టె. అబ్బ, ఆ రోజు వాడి సంబరం చూడాలి!

గిటారు చేతికిస్తూ ఆ ముసలమ్మ ఒక మాటంది. "ఆయన పోయినంక గూడ గిది మోగినట్లే ఉండేది నాయినా. జర పైలం."

కొండల్ నవ్వేశాడు. ఇంటికొచ్చి ఆ మాట తల్లి భూమవ్వకు చెప్పాడు చూడండి, అదే వాడు చేసిన తెలివితక్కువ పని.

మంచిర్యాల అవతల బొగ్గుబావి కాలనీలో వాళ్ల ఇల్లు. ఆ ఇంట్లో గిటారును ప్రేమించిన రెండో మనిషి కొండల్ తండ్రి అంజన్న. బావిలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాడు. బొగ్గు పేల్చే మందుగుండు మోతకు చెవులు దాదాపు పోయాయి. పాట విని ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. కొండల్ లోపలి గదిలో తలుపేసుకుని వాయిస్తుంటే ఆయన వసారాలో కూర్చుని గచ్చు మీద అరచెయ్యి ఆనిస్తాడు.

"గిది చెవులకు గాదురా, కాళ్లకు ఇనబడుతది!" అన్నాడు మొదటిరోజే, కళ్లనీళ్లు పెట్టుకుని. "నేను గిప్పుడు మన కాలనీ కిందనే పనిచేస్తున్న. బొగ్గంత తీసినం, పైకప్పు కూలకుండ నిలబెట్టిన కట్టెలు పీక్కుంట ఎనుకకొస్తున్నం. జర గట్టిగ వాయించు కొడుకా, కింద గూడ ఇనబడాలె!"

గురువారం మధ్యాహ్నం కోడలు బాలలక్ష్మి మొహం పాలిపోయి వచ్చింది.

"అత్తా, నువ్వన్నది నిజమే. ఆయన పనికి పోయినంక గిన్నెలు గలగల అన్నయి. గిటారు పెట్టెలనే ఉన్నది. నేను తియ్యలే."

"నేను చెప్తలేనా! మనిషి లేకున్నా మోగుతది గది!" భూమవ్వ గుండె మీద చెయ్యేసుకుంది.

సాయంత్రానికి గోడ పగులు ఉయ్యాల కొక్కెం దాకా వచ్చింది. భూమవ్వ ఇక ఆగలేదు. బట్టలు మూటగట్టి గుమ్మంలో పెట్టింది.

"పిల్లను, కోడల్ని తీస్కొని ధర్మపురి పోత, మా అన్న ఇంటికి. చెప్పు కొండల్, నీకు బిడ్డ గావాల్నా, గిటారు గావాల్నా?"

కొండల్ గిటారు పెట్టె ముందు కూర్చుని పసివాడిలా ఏడ్చాడు. అంజన్నకు మాటలు వినబడలేదు గానీ మూట కనబడింది.

మర్నాడు అంజన్న మొదటి షిఫ్టు దిగి సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో మూట లేదు. భూమవ్వ వంటింట్లో కూర తాలింపు వేస్తోంది. ఉయ్యాలలో పిల్ల నిద్రపోతోంది. లోపలి గది తలుపు ఎప్పటిలాగే వేసుంది. అంజన్న స్నానం చేసి, వసారాలో చతికిలబడి, గచ్చు మీద చెయ్యి పెట్టాడు. మొహం వెలిగిపోయింది.

"ఓ కోడలా! మీ అత్తను ఎట్ల ఒప్పించిన్రు?"

చాయ్ తెచ్చిన బాలలక్ష్మికి ఆయన ఏం అడుగుతున్నాడో అర్థం కాలేదు.

"ఇయ్యాల దుమ్ము లేపుతున్నడు నీ మొగడు! గింత గట్టిగ ఎన్నడు వాయించలే. చూడు, చెయ్యంత జుమ్మంటున్నది!"

ఆమె చేతిలోంచి అందుకున్న సాసరును ఆయన గచ్చు మీద పెట్టాడు. అందులో చాయ్ సన్నగా వణుకుతోంది. బాలలక్ష్మి దానివైపు చూసింది, వేసున్న తలుపు వైపు చూసింది. మామ చెవి దగ్గరికి వంగి గట్టిగా అరిచింది.

"గిటారు పొద్దుగాలనే అమ్మేసిండు మామా!"